పోయిన జన్మలో మీరిద్దరూ ఎవరు? ప్లూటో, మదనపల్లె కుర్రాడు, ఒక 4,000 రూపాయల జాతకం

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. అక్కణ్నుంచే చెప్తాను.

నా బీటెక్ క్లాస్‌మేట్ ఒకమ్మాయి. పేరు చెప్పను. తను సరేనన్నాకే ఇది రికార్డ్ చేస్తున్నా. నాలుగేళ్ళుగా ఒకబ్బాయితో ఉంది. అతను తన ఫోన్ చెక్ చేస్తాడు, జీతం పడిన రోజే లెక్క అడుగుతాడు, ఫ్రెండ్స్‌తో సినిమాకెళ్తే వారం మాట్లాడడు. పోయినేడాది ఎట్టకేలకి "ఇక నావల్ల కాదురా, వచ్చేస్తున్నా" అంది. మేమంతా హమ్మయ్య అనుకున్నాం. నెల తిరక్కుండా మళ్ళీ అతని దగ్గరికే వెళ్ళిపోయింది. ఎందుకే అంటే ఒక స్క్రీన్‌షాట్ పంపింది.

ఆన్‌లైన్‌లో 4,000 కట్టి చూపించుకున్న జాతకం అది. అందులో ఉన్నది ఇంతే. అతని చంద్రుడి మీద నీ ప్లూటో కూర్చుంది. పోయిన జన్మలో నువ్వే అతన్ని మధ్యలో వదిలేశావు. ఆ లెక్క తీరేదాకా ఈ బంధం నిన్ను వదలదు. బాధ కలుగుతోందంటే ఆత్మ ఎదుగుతోందని అర్థం.

"ఇది మన పంచాంగం టైపు కాదురా, ఎవల్యూషనరీ ఆస్ట్రాలజీ. చాలా డీప్ సబ్జెక్ట్" అంది.

నాకు ఒళ్ళు మండింది. కానీ తిడితే వినదు. అందుకే అసలు ఇది ఎక్కడ పుట్టిందో చూద్దామని కూర్చున్నా. రెండు నెలలు పట్టింది. అమెరికాలో మొదలైన కథ అనుకున్నా గానీ, వెనక్కి లాగుతూ పోతే దారం మదనపల్లె మీదుగా పోయింది.

ముందు ఒక డౌట్ తీర్చేస్తాను. మన జ్యోతిషంలో పూర్వజన్మ లేదా? ఎందుకు లేదు? 6వ శతాబ్దపు వరాహమిహిరుడే చెప్పాడు, చీకట్లో వస్తువుల్ని దీపం చూపించినట్టు పోయిన జన్మల కర్మఫలాన్ని ఈ శాస్త్రం చూపిస్తుందని. ఐదో ఇంటిని పూర్వపుణ్య స్థానం అనే అంటారు. మన మాటల్లోనూ ఉంది కదా, ఏ జన్మ రుణమో, పూర్వజన్మ సుకృతం అని. కానీ పెళ్ళికి జాతకాలు కలిపేటప్పుడు చూడండి. 36 పాయింట్లు. నాడికి 8, రాశికి 7, గణానికి 6, అలా దిగుతూ వర్ణానికి 1. ఇందులో ఏ ఒక్క పాయింటూ "పోయిన జన్మలో ఈ ఇద్దరి మధ్య ఏం జరిగింది" అని అడగదు. సంసారం సాగుతుందా, పిల్లలు పుడతారా, ఆరోగ్యాలు ఎలా ఉంటాయి, ఇవే ప్రశ్నలు. నచ్చినా నచ్చకపోయినా అవి ఈ జన్మ ప్రశ్నలు. మరి జంట పూర్వజన్మ కథ ఎక్కడిది?

1875లో న్యూయార్క్‌లో మేడమ్ బ్లావట్‌స్కీ, కర్నల్ ఆల్కాట్, ఇంకొందరు కలిసి దివ్యజ్ఞాన సమాజం పెట్టారు. 1882కల్లా దాని హెడ్డాఫీసు మద్రాసు అడయారుకి వచ్చేసింది. డార్విన్ పుస్తకం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది, పరిణామం అనే మాట అందరి నోళ్ళలో నానుతోంది. వీళ్ళు మన కర్మనీ పునర్జన్మనీ తీసుకుని ఆ పరిణామానికి ముడేశారు. మనకి జన్మల చక్రం అంటే తప్పించుకోవాల్సిన తిప్పట. వాళ్ళ చేతిలో అది మెట్లదారి అయింది. ప్రతి జన్మా ఒక క్లాసు, ప్రతి కష్టం ఒక పాఠం, పాసైతే పై క్లాసు. "ఎవల్యూషనరీ" అనే మాటకి మూలం ఇదే.

ఇప్పుడు మన కుర్రాడు. జిడ్డు కృష్ణమూర్తి. 1895 మే నెలలో మదనపల్లెలో తెలుగు కుటుంబంలో పుట్టాడు. అర్ధరాత్రి దాటి అరగంటకి పుట్టాడు కాబట్టి ఇంగ్లిష్ లెక్కలో 12వ తేదీ, తెల్లారితేనే రోజు మారే మన లెక్కలో 11. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. తండ్రి నారాయణయ్య రిటైరయ్యాక 1909లో పిల్లల్ని తీసుకుని అడయారు సమాజంలో పనికి చేరాడు. అదే ఏడు అక్కడి బీచ్‌లో లెడ్‌బీటర్ అనే ఆయన ఈ పిల్లాణ్ని చూసి, ఇతను జగద్గురువు అవుతాడన్నాడు. దివ్యదృష్టితో అతని పూర్వజన్మలు చూస్తున్నానంటూ రాయడం మొదలుపెట్టాడు. 1910 నుంచి అవి సమాజం పత్రికలో సీరియల్‌గా వచ్చాయి. 30 జన్మలు, వేలవేల ఏళ్ళు. కృష్ణమూర్తికి అందులో పేరు ఆల్సియోనీ, ఒక నక్షత్రం పేరు. తమ్ముడు నిత్యానంద మిజార్, అనీబిసెంట్ హెరాక్లీస్, లెడ్‌బీటర్ తనకి తాను సిరియస్. ఒక జన్మలో భార్యాభర్తలు, ఇంకో జన్మలో తల్లీబిడ్డలు, మరో జన్మలో అన్నదమ్ములు. సమాజంలో తెలిసినవాళ్ళంతా ఏదో ఒక జన్మలో ఏదో ఒక పాత్ర.

నాకు బాగా ఆసక్తి అనిపించింది దీని తర్వాత జరిగింది. కృష్ణమూర్తి జీవితచరిత్ర రాసిన మేరీ లట్యెన్స్ చెప్తుంది. (న్యూఢిల్లీ కట్టిన ఆర్కిటెక్ట్ లట్యెన్స్ ఉన్నాడే, ఆయన కూతురే.) అడయారులో జనం ఒకర్నొకరు అడుక్కునేవాళ్ళట, నువ్వు ఆ జన్మల్లో ఉన్నావా, ఉంటే ఆల్సియోనీకి ఎంత దగ్గర చుట్టానివి అని. అసూయలు, అలకలు. అంటే ఇప్పుడు ఇద్దరి మధ్య ఉన్న సంబంధం విలువని, ఎవరో మూడో మనిషి చూసి చెప్పిన పాత జన్మ నిర్ణయిస్తోంది. మా ఫ్రెండ్ స్క్రీన్‌షాట్ సరిగ్గా ఇదే కదా?

ఇంకో సంగతి. వేల ఏళ్ళ పెళ్ళిళ్ళు రాసిపెట్టి ఉన్న ఈ కుర్రాడు 1921లో నెదర్లాండ్స్‌లో హెలెన్ నోథ్ అనే అమెరికన్ అమ్మాయిని ప్రేమించాడు. మామూలుగా, అందరు కుర్రాళ్ళలాగే. జగద్గురువు కావాల్సినవాడికి సంసారం ఎక్కడిది? అది సాగలేదు. ఆ అమ్మాయి తర్వాత స్కాట్ నియరింగ్‌తో కలిసి పల్లెలో పొలం చేసుకుంటూ బతికి, పుస్తకాలు రాసి పేరు తెచ్చుకుంది. 1925లో తమ్ముడు నిత్య క్షయతో పోయాడు. పోడని పెద్దలు ధైర్యం చెప్పారు, కృష్ణమూర్తి నమ్మాడు. కబురు ఓడలో ప్రయాణిస్తుండగా అందింది. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, దాదాపు 3,000 మంది ముందు, తన కోసం పెట్టిన ఆర్డర్ ఆఫ్ ద స్టార్ సంస్థనే రద్దు చేసేశాడు.

కానీ ఐడియా ఆగలేదు. అప్పటికే ఇంగ్లండ్‌లో అలన్ లియో అనే ఆయన దాన్ని జాతకంలోకి ఎక్కించేశాడు. ఈయన కూడా దివ్యజ్ఞాన సమాజం మనిషే, అడయారుకి వచ్చి వెళ్ళినవాడే. 1914లో జోస్యం చెప్పి డబ్బులు తీసుకుంటున్నాడని కేసు పెట్టారు. అది కొట్టేశారు. 1917లో మళ్ళీ పెట్టారు, ఈసారి శిక్ష పడింది, 5 పౌండ్ల జరిమానా, పైన 25 పౌండ్ల కోర్టు ఖర్చులు. ఈ కేసుల గొడవలో ఆయన తన పాఠాలన్నీ తిరగరాయడం మొదలుపెట్టాడు. "నీకు ఫలానాది జరుగుతుంది" అనేది తీసేసి "నీ స్వభావం ఇది, నీ మొగ్గు ఇటు" అని పెట్టాడు. సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి అర్థమవుతుంది, టర్మ్స్ అండ్ కండిషన్స్ మార్చినట్టన్నమాట.

ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ కాదు. "మాఘమాసంలో పెళ్ళవుతుంది" అంటే ఫాల్గుణంలో మీరు వెళ్ళి నిలదీయొచ్చు. "ఇది నీ ఆత్మకి పాఠం" అంటే ఎప్పుడెళ్ళి నిలదీస్తారు? సుఖపడితే పాఠం నేర్చుకున్నట్టు, ఏడిస్తే నేర్చుకుంటున్నట్టు. మన పంతులుగారు దోషం ఉందంటే కనీసం శాంతి చేయించి బయటపడే దారి చెప్తాడు. ఇక్కడ అదీ లేదు, బాధే వైద్యం.

తర్వాత కథ స్పీడుగా చెప్పేస్తా. 1930లో అరిజోనాలో క్లైడ్ టాంబో ప్లూటోని కనిపెట్టాడు. పాతాళానికి దేవుడి పేరు, ఇంగ్లండ్‌లో 11 ఏళ్ళ పాప సూచించింది. 1936లో డేన్ రుధ్యార్ జ్యోతిషానికి యూంగ్ మనస్తత్వశాస్త్రం కలిపి పుస్తకం రాశాడు. ఈయన ఫ్రెంచివాడు, మన రుద్రుడి పేరు మీద తన పేరు మార్చుకున్నాడు. 1923లో ఎడ్గర్ కేసీ అనే ఆయన్ని జాతకం చెప్పమని ఒకాయన కూర్చోబెడితే, నిద్రలాంటి స్థితిలో పూర్వజన్మ మాట్లాడాడు. ఆ తర్వాత బతికినంతకాలం జనాలకి పూర్వజన్మలు చెప్తూనే ఉన్నాడు. 1975లో మార్టిన్ షుల్మన్ రాహుకేతువుల మీద కర్మ జ్యోతిషం పుస్తకం తెచ్చాడు. కేతువు నీ గతం, రాహువు నీ గమ్యం అని. రాహువు పేరెత్తితేనే మనవాళ్ళు దీపం పెడతారు, అక్కడ ఆయన డెస్టినేషన్!

1985లో జెఫ్రీ వుల్ఫ్ గ్రీన్ ప్లూటో మీద రాసిన పుస్తకంతో ఎవల్యూషనరీ ఆస్ట్రాలజీ ఒక పద్ధతిగా నిలబడింది. ఇది తనకి కలలో యుక్తేశ్వర్ గిరి ద్వారా అందిందని ఆయన చెప్పుకున్నాడు. యుక్తేశ్వర్ అంటే పరమహంస యోగానంద గురువుగారు. ప్లూటో ఉన్న చోటు ఆత్మ పాత కోరికలు, దానికి సరిగ్గా ఎదురు చోటు ఈ జన్మలో వెళ్ళాల్సిన దిక్కు. తర్వాత సంబంధాల మీదే ఇంకో సంపుటం రాశాడు. అన్యాయంగా మాట్లాడకూడదు, స్టీవెన్ ఫారెస్ట్ లాంటి ఇందులోని పెద్దలు మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ ఉందని గట్టిగా చెప్తారు. మా ఫ్రెండ్‌కి రీడింగ్ ఇచ్చినవాళ్ళు ఆ చాప్టర్ చదివినట్టు లేదు.

మనం మాత్రం దీనికి రెడీమేడ్ మార్కెట్. 1964లో మూగమనసులు, 2009లో మగధీర. అదే 2009లో హిందీ టీవీలో సెలబ్రిటీల పూర్వజన్మలు చూపించే షో కూడా వచ్చింది. ఇక్కణ్నుంచి వెళ్ళిన సరుకు కొత్త ప్యాకింగ్‌తో మన ఫోన్‌కే డెలివరీ.

ఇక నా ఇంజినీర్ బుద్ధి ఊరుకోలేదు. స్విస్ ఎఫెమెరిస్ అని గ్రహస్థానాలు లెక్కగట్టే లైబ్రరీ ఉంది. పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసి మా క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పుట్టినరోజులన్నీ వేశా. ప్లూటో సూర్యుణ్ని చుట్టడానికి 248 ఏళ్ళు పడుతుంది. 1995 చివర్నుంచి 2008 మొదటిదాకా వెస్టర్న్ లెక్కలో అది ధనుస్సులోనే. మా క్లాస్ మొత్తానికి ఒకే రాశి. మా ఫ్రెండ్ ప్లూటో అతని చంద్రుడి మీద ఉందంటే, మా బ్యాచ్‌లో చాలామంది ప్లూటోలు అతని చంద్రుడి మీదో, ఆ పక్కనో ఉన్నట్టే. అందరం కలిసి పోయిన జన్మలో అతన్ని వదిలేశామా? లాస్ట్ బెంచ్ బ్యాచ్‌తో సహా?

ఇంకా ఉంది. వాళ్ళ లెక్కకీ మన నిరయన లెక్కకీ సుమారు 24 డిగ్రీల తేడా. రాశి అంటే 30 డిగ్రీలు. కాబట్టి ఐదింట నాలుగు సార్లు రాశే మారిపోతుంది. మా ఫ్రెండ్ ప్లూటో మన లెక్కలో వృశ్చికంలో పడింది. ఈ కంప్యూటర్లో ఒక జన్మ, ఆ కంప్యూటర్లో ఇంకో జన్మ.

దీనికి వాళ్ళ జవాబు నాకు తెలుసు. రాశి తరం మొత్తానిది, ఇల్లు మాత్రం నీ సొంతం అంటారు. ఒప్పుకుంటా. కానీ ఇల్లు సుమారు రెండు గంటలకోసారి మారుతుంది. అంటే అంతా పుట్టిన టైం మీదే నిలబడింది. కృష్ణమూర్తికి తేదీయే రెండు రకాలుగా వచ్చింది చూశారుగా. తనని అడిగా, నీ టైం ఎవరిచ్చారే అని. "ఆరున్నర అని నేనే వేశారా. పొద్దున్నే పుట్టానని అమ్మ ఎప్పుడో అంది." ఒకసారి కరెక్ట్‌గా కనుక్కో అన్నా.

ఆ రాత్రి వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. ఆంటీ ముందు "తెల్లారుజామునే, పాలవాడు వచ్చే వేళ" అందట. ఆ తర్వాత "కాదు కాదు, డాక్టరమ్మ డ్యూటీ మారాక" అందట. అప్పుడు ఆగి, "ఇప్పుడు టైం ఎందుకే? ఆ అబ్బాయి ఏమన్నా అన్నాడా?" అని అడిగింది.

ఆ కాల్ గంటన్నర నడిచింది. నాలుగేళ్ళలో తను ఇంట్లో ఈ విషయం చెప్పడం అదే మొదటిసారి. అంకుల్ శనివారం బస్సెక్కి వచ్చి సామాన్లు సర్దించారు. రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్. నేను ఆటో మాట్లాడా.