టైమ్ ఆఫ్ నో రిప్లై

ఇంగ్లిష్ గాయకుడు, గీతరచయిత నిక్ డ్రేక్ (1948–1974) బతికుండగా బయటికి రాని పాటలు, డెమోలతో కూర్చిన ఆల్బమ్ 'టైమ్ ఆఫ్ నో రిప్లై'. 1986లో 'ఫ్రూట్ ట్రీ' అనే పెట్టెలో డ్రేక్ పాత ఆల్బమ్‌లు మూడింటితో పాటు నాలుగో డిస్కుగా వచ్చింది. మరుసటి ఏడాది విడిగానూ దొరికింది. ఇందులో 14 పాటలున్నాయి. వాటిని ఎంపిక చేసినవారు డ్రేక్ నిర్మాత జో బాయ్డ్, ఫ్రాంక్ కోర్నెలుసెన్. వెలువరించిన హన్నిబాల్ రికార్డ్స్ బాయ్డ్ స్థాపించిన సంస్థే.

డ్రేక్ రంగూన్‌లో పుట్టి, ఇంగ్లండ్‌లోని టాన్‌వర్త్-ఇన్-ఆర్డెన్ అనే పల్లెలో పెరిగాడు. డ్రేక్ కేంబ్రిడ్జ్‌లో చదువుతుండగానే బాయ్డ్ అతనితో రికార్డింగ్ మొదలుపెట్టాడు. 'ఫైవ్ లీవ్స్ లెఫ్ట్' (1969), 'బ్రైటర్ లేటర్' (1971), 'పింక్ మూన్' (1972) మూడూ అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. జనం ముందు పాడాలంటే అతనికి జంకు. డిప్రెషన్‌తో కుంగిపోయి, మందుల మోతాదు మించి, 26వ ఏట కన్నుమూశాడు. బాయ్డ్ తన అప్పటి కంపెనీని ఐలాండ్ సంస్థకు అమ్మేటప్పుడు డ్రేక్ రికార్డులను ఎన్నడూ ఆపెయ్యకూడదని షరతు పెట్టాడు. అతని పేరు మరుగున పడకుండా ఉండటంలో ఆ షరతు పాత్ర చాలా పెద్దది.

ఈ ఆల్బమ్‌లో ముందుగా వినవలసింది 'ఐ వజ్ మేడ్ టు లవ్ మ్యాజిక్'. తొలి ఆల్బమ్‌కు వాద్యబృందాన్ని నడపడానికి బాయ్డ్ 1968లో రిచర్డ్ హ్యూసన్‌ను పిలిచాడు. అప్పటికే పేరున్న అరేంజర్. పాటలో వయొలిన్లు నిండుగా, తియ్యగానే మోగుతాయి, కానీ గొంతు వాటి కింద పడిపోతుంది. మామూలుగా నోరు విప్పని డ్రేక్ అది తనకు వద్దని చెప్పి, కేంబ్రిడ్జ్ స్నేహితుడు రాబర్ట్ కర్బీ పేరు సూచించాడు. తరువాత డ్రేక్ పాటలకు గుర్తింపుగా నిలిచిన తీగవాద్యాల పొందిక కర్బీదే. ఏది వద్దనుకున్నాడో వింటేనే ఏది కోరుకున్నాడో పూర్తిగా అర్థమవుతుంది. 'ద థాట్స్ ఆఫ్ మేరీ జేన్'కు రిచర్డ్ థాంప్సన్ ఎలక్ట్రిక్ గిటార్ వాయించిన పాత రూపం కూడా ఇక్కడ ఉంది. 'బీన్ స్మోకింగ్ టూ లాంగ్' మాత్రం డ్రేక్ రాసింది కాదు, రాబిన్ ఫ్రెడరిక్ పాట.

ఆల్బమ్‌లో చివరి నాలుగు పాటలూ 1974 నాటివి. అప్పటికి పాడుతూ గిటార్ వాయించడం డ్రేక్ వల్ల కాలేదు. అందుకని ఇంజనీర్ జాన్ వుడ్ ముందు గిటార్ రికార్డు చేసి, గొంతు తరువాత చేర్చాడు. 'బ్లాక్ ఐడ్ డాగ్' వింటే గుండె బరువెక్కుతుంది. సన్నటి గొంతు, పొడి గిటార్, ఇంకేమీ లేవు. ఈ నాలుగూ 1979 నాటి మొదటి 'ఫ్రూట్ ట్రీ'లోనే 'పింక్ మూన్' వెనక చేరి వచ్చాయి.

2004లో 'మేడ్ టు లవ్ మ్యాజిక్' అనే కొత్త సంకలనం దీని స్థానాన్ని ఆక్రమించింది. 1974 టేపులో బయటపడ్డ 'టో ద లైన్' అనే పాట అందులో తొలిసారి వినిపించింది. ఇక 'మ్యాజిక్' పాటలో హ్యూసన్ వాద్యాన్ని తీసేసి, కర్బీ అరేంజ్‌మెంట్‌ను కొత్తగా రికార్డు చేసి డ్రేక్ పాత గొంతుకు జతచేశారు. వినడానికి అది అందంగానే ఉంది, డ్రేక్ ఇష్టానికి దగ్గరగానూ ఉంది. అయినా అది అతను వినకుండా తయారైన పాట. 2007లో 'ఫ్రూట్ ట్రీ'ని మళ్లీ విడుదల చేసినప్పుడు 'టైమ్ ఆఫ్ నో రిప్లై'ని పెట్టెలో చేర్చలేదు. పాత డిస్కు ఎక్కడైనా దొరికితే వదలకండి, రెండు 'మ్యాజిక్'లనూ ఒకదాని తరువాత ఒకటి వినండి.