సంచార చిత్రకారులు: రష్యా జాతీయ కళ, రాజ్యాధికారం

నేడు రష్యా జాతీయ చిత్రకళగా కీర్తి పొందిన సంప్రదాయం రాజాదరణలో కాక రాజాజ్ఞను ధిక్కరించడంలో పుట్టింది. 1863 నవంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఇంపీరియల్ కళా అకాడమీ బంగారు పతకం పోటీకి స్కాండినేవియా పురాణాల్లోని ఓడిన్ దేవుడి విందును ఇతివృత్తంగా నిర్ణయించగా, ఇవాన్ క్రమ్‌స్కోయ్ నాయకత్వంలో 14 మంది విద్యార్థులు తమ ఇతివృత్తాన్ని తామే ఎంచుకునే స్వేచ్ఛ కోరి, అది దక్కకపోవడంతో అకాడమీ నుంచి బయటికి నడిచారు. రైతును భూస్వామికి కట్టిపడేసిన సెర్ఫ్‌డమ్ వ్యవస్థ 1861లో రద్దయి అప్పటికి రెండేళ్లే గడిచింది కనుక, తమ ప్రజల బతుకును చిత్రించాలన్న కోరికకు రాజకీయార్థం కూడా ఉంది.

1870లో ఏర్పడిన సంచార కళా ప్రదర్శనల సంఘం ఈ ధోరణికి నిలకడైన రూపమిచ్చింది. 'పెరెద్విజ్నికి', అంటే సంచారులు, అని పేరు పడిన దీని సభ్యులు అప్పటి రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌తో ఆగక మాస్కో, కీవ్, ఖార్కివ్ నగరాలకు చిత్రాలను తీసుకెళ్లి, ప్రవేశ రుసుముతోనూ అమ్మకాలతోనూ ఆస్థానంపై ఆధారపడకుండా నిలదొక్కుకున్నారు. మాస్కో వస్త్ర వ్యాపారి పావెల్ త్రెత్యకోవ్ వీరి చిత్రాలను విరివిగా కొని, 1892లో తన సేకరణను ఆ నగరానికి దానం చేశాడు.

ఇల్యా రేపిన్ 1873లో పూర్తిచేసిన 'వోల్గా తీరాన పడవలు లాగేవారు' చిత్రంలో 11 మంది కూలీలు ఛాతీకి అడ్డంగా పట్టీలు బిగించుకుని, ముందుకు వంగి, ఇసుక ఒడ్డున బరువుగా అడుగులు వేస్తుండగా, వారి నడుమ ఒక కుర్రవాడు మాత్రం తల ఎత్తి తన పట్టీని సర్దుకుంటూ కనిపిస్తాడు. పేదల శ్రమను ఇంత సూటిగా చూపిన ఈ చిత్రాన్ని కొన్నది జార్ రెండవ అలెగ్జాండర్ కుమారుడు వ్లదిమిరే కావడం గమనార్హం.

రాజ్యం వ్యవహారంలో ఈ ద్వంద్వం ఆ తర్వాతా కొనసాగింది. కోపావేశంలో కొడుకును కొట్టి చంపిన జార్ నాలుగవ ఇవాన్‌ను చూపే రేపిన్ చిత్రాన్ని 1885లో కొన్ని నెలలపాటు ప్రదర్శించనివ్వని జార్ మూడవ అలెగ్జాండరే రష్యన్ కళను శ్రద్ధగా సేకరించాడు. ఆయన పేరిట జాతీయ మ్యూజియం 1898లో మిఖాయిలోవ్‌స్కీ ప్రాసాదంలో ప్రారంభమైంది. సోవియట్ ప్రభుత్వం 1932లో స్వతంత్ర కళా బృందాలన్నింటినీ రద్దుచేసి, సంచారుల వాస్తవిక శైలిని సోషలిస్టు రియలిజానికి, అంటే పార్టీ లక్ష్యాలకు అనుగుణంగా జీవితాన్ని చిత్రించే అధికారిక విధానానికి, పునాదిగా చెప్పుకుంది. ఇతివృత్తాన్ని పైనుంచి నిర్దేశించే పద్ధతిని కాదని బయటికొచ్చిన వారి శైలి, అదే పద్ధతికి ఆధారమైంది.

రేపిన్ జన్మస్థలమైన చుహుయివ్ నేటి ఉక్రెయిన్‌లో ఉండటం వల్ల, ఆయన కళ ఏ జాతికి చెందుతుందన్న వివాదం నేటికీ సాగుతోంది. ప్రభుత్వాలు ఆ చిత్రాలను జాతి సంపదగా ప్రకటించుకోగలిగాయి గానీ, వాటికి ప్రాణం పోసిన స్వేచ్ఛను మాత్రం తర్వాతి చిత్రకారులకు దక్కనివ్వలేదు. సంచారుల వారసత్వంలో అసలైన జాతీయాంశం ఆ స్వేచ్ఛే.