“వేరెవరో మార్చేశారు” - ఓ ఎర్రరు వెనక కథ

“మీరు తెరిచిన రికార్డును ఈలోగా వేరెవరో మార్చారు.” ఈ ఎర్రరంటే మనలో చాలామందికి చిరాకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనైతే దాన్ని పట్టుకుని, గప్‌చుప్‌గా మళ్ళీ సేవ్ చేసే కోడు రాసి పారేశాను. ఫిర్యాదులు ఆగిపోయాయి. మూడు నెలల తర్వాత గోడౌన్లో సరుకు లెక్క కన్నా తక్కువ తేలింది. పాపం, స్టోర్ కీపరు దొంగ అనిపించుకోబోయాడు.

జరిగిందేమిటంటే... స్టాకు 10 ఉంది. ఇద్దరు గుమస్తాలు ఒకేసారి ఆ 10 చూశారు. ఒకాయన 3 అమ్మి 7 అని రాశాడు, రెండో ఆయన 4 అమ్మి 6 అని రాశాడు. ఉండాల్సింది 3. మొదటాయన అమ్మకం గాల్లో కలిసిపోయింది. దీని పేరే లాస్ట్ అప్‌డేట్.

నిజానికి ఈ జబ్బుకి మందు ఎప్పుడో దొరికింది. 1976లో ఐబీఎం వాళ్ళ శాన్‌హొసే పరిశోధనశాల నుంచి ఈశ్వరన్, జిమ్ గ్రే, లోరీ, ట్రేగర్ ఓ పేపరు రాశారు. ఒక ట్రాన్సాక్షను ఏదైనా తాళం వదిలాక ఇక కొత్త తాళం వెయ్యకూడదు - స్థూలంగా ఇదీ నియమం. టూ ఫేజ్ లాకింగ్ అన్నమాట. బాగానే ఉంది గానీ, ఒకరికోసం ఒకరు కూర్చుంటే డెడ్‌లాకే. 1981లో కుంగ్, రాబిన్సన్ “అసలు తాళాలెందుకు? చివర్లో సరిచూసుకుందాం, తేడా వస్తే మళ్ళీ మొదలెడదాం” అన్నారు. మనం టేబుల్లో పెట్టుకునే వెర్షన్ కాలమ్ ఈ ఆలోచనకి మనవడే!

1992 ఎస్‌క్యూఎల్ ప్రమాణం నాలుగు ఐసొలేషన్ స్థాయిలు పెట్టింది. 1995లో గ్రే, మరికొందరు కలిసి ఆ నిర్వచనాల్లోని కంతలన్నీ బయటపెట్టారు. స్నాప్‌షాట్ ఐసొలేషన్‌కి నిర్వచనం ఇచ్చిందీ ఆ పేపరే. పోస్ట్‌గ్రెస్‌లో ‘సీరియలైజబుల్’ అన్న మాట నిజంగా నిజమైంది 2011లో, 9.1తో. ఆరకిల్‌లో ఆ పేరుతో దొరికేది ఇప్పటికీ స్నాప్‌షాటే.

ఇంతకీ మనం వాడేదేమిటి? ఆరకిల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ - మూడింట్లోనూ డిఫాల్టు రీడ్ కమిటెడ్. పైన చెప్పిన 10, 7, 6 కథ అందులో ఏ ఎర్రరూ లేకుండా జరిగిపోతుంది. ఎర్రరిచ్చేది మనం పెట్టుకున్న వెర్షన్ తనిఖీ. దాని నోరే నేను నొక్కేశాను.

మందు పెద్ద కష్టం కాదు. చదివి, కూడి, రాసే బదులు “ఉన్నదాంట్లోంచి 4 తీసెయ్” అని ఒక్క అప్‌డేట్‌లోనే చెప్పండి. చదివి తీరాలంటే సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ వాడండి. మనిషి ఫారం ముందు పది నిమిషాలు కూర్చునే చోట వెర్షన్ చూడండి. అప్‌డేట్ సున్నా వరసలకి తగిలితే కొత్త విలువ చూపించి ఆయన్నే తేల్చుకోనివ్వండి.

అరిచే ఎర్రరుతో పోయేది ఓ నిమిషం. నోరెత్తని తప్పుతో ఓ మనిషి పరువు పోయేదే. నా మటుకు నాకు, ఆ ఎర్రరు ఇప్పుడు సాక్షిలా కనిపిస్తుంది.