మా ఊరిని తప్పించిన పైపులైను

మా బిస్మార్క్ 1872లో రైలుమార్గం కోసం మిస్సోరీ నది ఒడ్డున వెలిసింది. మరుసటేడు జర్మన్ పెట్టుబడుల మీద ఆశతో ఆ దేశపు ఛాన్సలర్ పేరు పెట్టుకుంది. ఇప్పుడు నార్త్ డకోటా రాజధాని. మా మంచినీళ్లు మిస్సోరీవే. దిగువన స్టాండింగ్ రాక్ రిజర్వేషన్‌లోని లకోటా, డకోటా జనం తాగేదీ ఆ నది నీళ్లే. అయినా వాళ్లను పక్కనబెట్టి మా ఊరి చరిత్ర చెప్పుకోవడం అలవాటైపోయింది.

నది పేరుతో వాళ్లు నష్టపోవడం పాత కథ. 1962లో ప్రారంభమైన ఓహే ఆనకట్ట ముంపులో స్టాండింగ్ రాక్ దాదాపు 56 వేల ఎకరాలు పోగొట్టుకుంది. ఏటి ఒడ్డు అడవులు, మేత బీళ్లు, ఇళ్లు నీటిపాలయ్యాయి. వాటిని మింగిన జలాశయమే నేడు వాళ్ల మంచినీటికి ఆధారం.

బాకెన్ క్షేత్రాల చమురును ఇల్లినాయికి చేర్చే 1,172 మైళ్ల డకోటా యాక్సెస్ పైపులైనుకు మొదట చూసిన దారుల్లో ఒకటి బిస్మార్క్‌కు ఎగువన నది దాటేది. మా మంచినీటి వనరులకు దగ్గరన్నది దాన్ని వద్దనుకున్న కారణాల్లో ఒకటి. చివరికి ఖాయమైన చోటు రిజర్వేషన్‌కు ఎగువన అర మైలు దూరంలో ఉంది. మా నీళ్ల దగ్గర లెక్కకొచ్చిన ముప్పు వాళ్ల నీళ్ల దగ్గర లెక్కకు రాలేదు.

2016 ఏప్రిల్‌లో లడోనా బ్రేవ్ బుల్ అలార్డ్ తన నేలలో, కేనన్‌బాల్ ఏరు మిస్సోరీలో కలిసేచోట, ఈ పైపులైనుకు వ్యతిరేకంగా ప్రార్థనా శిబిరం వేయించారు. వేల మంది తరలివచ్చారు. ఆ రిజర్వేషన్‌లో అప్పటికే ఏళ్లుగా సేవ చేస్తున్న ఎపిస్కోపల్ ఫాదర్ జాన్ ఫ్లోబెర్గ్ వందమంది మతగురువులను పిలిస్తే, నవంబరు 3న అయిదు వందలకు పైగా వచ్చారు. క్రైస్తవేతరుల నేలను ఆక్రమించుకోవచ్చన్న 15వ శతాబ్దపు పోపు శాసనం ప్రతిని తెగ పెద్దల ముందుంచి, పవిత్రాగ్ని వద్ద కాల్పించారు. ఆ తర్వాతే దగ్గర్లోని వంతెన దాకా నడిచి ప్రార్థించారు. అదేరోజు కొందరు మా ఊరి క్యాపిటల్ భవనంలో బైఠాయించి అరెస్టయ్యారు.

పైపులైను నది దాటేందుకు డిసెంబరులో సైనిక శాఖ అనుమతి నిరాకరించింది. 2017 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం ఇచ్చేసింది. ఆ జూన్ నుంచి చమురు పారుతోంది. అలాగని ఆ నడక వృథా కాదు. వాళ్ల పక్కన నిలబడేముందు తమ చర్చిల పాపం ఒప్పుకోవాలని ఆ గురువులు చూపారు. 2023లో వాటికన్ కూడా నేలను ఆక్రమించుకోవచ్చన్న ఆ సిద్ధాంతాన్ని తిరస్కరించింది.

ఒప్పుకోవలసింది మా ఊరికీ ఉంది. మా ఊరి రైలు, వంతెన, క్యాపిటల్ గురించి పిల్లలకు చెప్పే ప్రతి పాఠంలో, పైపులైను ఎవరి నీళ్లను తప్పించి ఎవరి నీళ్ల మీదికి వెళ్లిందో కూడా చెప్పాలి. స్టాండింగ్ రాక్ పొరుగున ఉంటున్నవాళ్లుగా మనం చేయవలసిన మొదటి పని అదే.