కాన్సాస్ నేల, ప్రత్తిపాడు రేగడి: పత్తి చరిత్రలో అడగని ప్రశ్న

అమెరికా అంతర్యుద్ధం (1861-65) మన పాఠ్యపుస్తకాల్లో ఒక పాఠం. గుంటూరు నల్లరేగడి పత్తి వేరే పాఠం. ఈ రెంటినీ విడదీసి చెప్పడంలో పొలంలో పనిచేసిన మనిషి కనపడకుండా పోయాడు. ఆ రెండు పాఠాల్నీ మాలపల్లె, మాదిగ గూడెం వైపు నుంచి కలిపి చదవాలన్నది మా ప్రయత్నం.

1854లో కాన్సాస్-నెబ్రాస్కా చట్టం వచ్చింది. కొత్త నేలలో బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడికి వలసపోయిన తెల్లవాళ్లే ఓటేసి తేల్చుకోమన్నారు. ఆ నేల అప్పటికే ఆదివాసులది, వాళ్లనెవరూ అడగలేదు. రెండు పక్షాలూ బళ్లు కట్టుకుని వచ్చి తుపాకులు పట్టాయి. అయితే బానిసత్వం వద్దన్నవాళ్లంతా నల్లవాళ్ల చుట్టాలేం కారు. 1855లో టొపీకా రాజ్యాంగంతో బానిసత్వాన్ని కాదన్న ఆ ఓటర్లే, నల్లవాళ్లు కాన్సాస్‌లో అడుగుపెట్టరాదన్న నిబంధనకూ ఓటేశారు. బానిస వద్దు, పక్కచేనులో నల్ల రైతూ వద్దు! ఊరికీ వాడకీ మధ్య గీత ఎరిగిన మనకిది కొత్త సంగతి కాదు.

ఆ బానిసల పత్తికీ మన దేశానికీ పొత్తు యుద్ధానికి ముందునుంచే ఉంది. 1840లో కంపెనీ ప్రభుత్వం అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి పత్తి ప్లాంటర్లను రప్పించి మద్రాసు రాష్ట్రానికీ పంపింది. యుద్ధంలో అమెరికా రేవులు మూతబడగానే లాంకషైర్ మిల్లులు మన పత్తి మీద పడ్డాయి. గుంటూరు అప్పటికి కృష్ణా జిల్లాలో భాగం (1859లో కలిపారు, 1904లో మళ్లీ విడదీశారు). ఇక్కడి పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కింది. అక్కడ బానిసల విడుదల కోసం రక్తం కారుతుంటే ఇక్కడ పత్తి ధర పెరిగింది. ఆ ధర చేను గలవాడికీ, షావుకారుకీ చేరింది. మరి చేను లేనివాడికి?

వాడికి 1843 నాటి అయిదవ చట్టం ఉంది. బానిసత్వాన్ని కోర్టులు గుర్తించవని అది చెప్పింది. అంతే. సెంటు భూమి ఇవ్వలేదు, అప్పు కొట్టెయ్యలేదు. ముందే జీతం వాడుకుని, అది తీరక ఏడాది తర్వాత ఏడాది అదే ఆసామి గుమ్మంలో ఉన్న పాలేరును ఏమనాలి? వెట్టిచాకిరి రద్దు చట్టం రావడానికి ఇంకో 133 ఏళ్లు, అంటే 1976 దాకా, ఆగాల్సి వచ్చింది. ఈ పోలికను మనకన్నా ఎంతో ముందే పట్టుకున్నవాడు జోతిరావు ఫూలే. 1873లో 'గులాంగిరి'ని అమెరికాలో బానిసల విముక్తికి పాటుపడినవాళ్లకే అంకితమిచ్చాడు.

ఇరవయ్యో శతాబ్దంలో మన కోస్తా రైతులూ వలసదారులయ్యారు. నిజాంసాగర్ కింద, తర్వాత తుంగభద్ర కింద రాయచూరు, బళ్లారి వైపు భూములు కొని క్యాంపులు వేశారు. వాళ్ల కష్టం గురించి కథలు విన్నాం. కానీ ఆ కొత్త నేలలో పనిచేసేవాడికి భూమి ఉండాలా వద్దా అని ఏ ఎన్నికల్లోనూ ఓటింగు జరగలేదు. కాన్సాస్‌లో ప్రశ్న వక్రంగానైనా వేశారు. ఇక్కడ అసలు వెయ్యనే లేదు.

2009 ఎన్నికల నుంచి ప్రత్తిపాడు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. సీటు దాకా వచ్చాం. ఇక చేను సంగతి అడగాలి.