కావేరి నడిమి ఊరికి అగ్గి కాపలా

కావేరమ్మ ఒడిలో రంగనాథుడికి మూడు లంకలున్నాయని మా ఇళ్ళలో చిన్నపిల్లలకూ తెలుసు. ఆదిరంగం శ్రీరంగపట్టణం, మధ్యరంగం శివనసముద్రం, అంత్యరంగం శ్రీరంగం. కన్నడ బడిలో చదివినవాళ్ళం కాబట్టి మొదటి రెండూ మాకు పాఠాల్లో వచ్చాయి. మూడోది మొక్కులకూ పెళ్ళిళ్ళకూ పోయి చూసింది. ఈ మూడింటి మధ్యలో నది మా ధర్మపురి జిల్లాను తాకుతుంది. హొగెనకల్ దగ్గర దూకి, మెట్టూరు ఆనకట్టలో నిలిచి, అక్కడినుంచి శ్రీరంగానికి పోతుంది.

గుడి గురించి రాసినవాళ్ళు చాలామంది. మేము రాయాలనుకున్నది వేరే సంగతి. చుట్టూ నీళ్ళున్న ఒక ఊళ్ళో అగ్గి పుడితే ఎవరు వస్తారు, ఏ దారిన వస్తారు, ఎంతసేపటికి వస్తారు? మన ఇళ్ళలో పందిరి వేసే ప్రతిసారీ ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలి. ఎవరూ అడగరు.

ముక్కొంబు దగ్గర కావేరి రెండుగా చీలుతుంది. ఉత్తరాన పోయేది కొల్లిడం, దక్షిణాన పోయేది కావేరి. ఆ రెంటి నడుమ ఉన్న లంక శ్రీరంగం, దాని తూర్పు కొసన కల్లణై. ముక్కొంబులో 1836–38 కాలంలో ఆనకట్ట కట్టించింది ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాలవాళ్ళు పటం పెట్టి పూజించే ఆ దొర ధవళేశ్వరానికి ముందు నదిని పట్టే విద్య చూపించింది ఇక్కడే. ఈ మాట మన తీరప్రాంతం చుట్టాలకు చెబితే ముందు నమ్మరు.

లంక మధ్యలో గుడి, 156 ఎకరాలు, ఏడు ప్రాకారాలు. లోపలివి దేవుడివి. బయటి మూడు ప్రాకారాల్లో మనుషులు కాపురం ఉంటారు: ఉత్తర వీధులు, చిత్తిర వీధులు, అడయవళంజాన్ వీధులు. మధుర నాయకుల కాలంలో తెలుగు ఇక్కడ రాజుల ఇంటి మాట. విజయరంగ చొక్కనాథుడూ ఆయన ఇంటివాళ్ళూ చేతులు జోడించి నిలబడిన బొమ్మలు గుడిలో ఇప్పటికీ ఉన్నాయి. త్యాగరాజస్వామి శ్రీరంగ పంచరత్నాలు సరేసరి. మన తెలుగువాళ్ళకు ఇది పరాయి ఊరు కాదు.

ఈ ఊరి కట్టుబడిలో ఒక మంచి ఉంది, ఒక చెడ్డ ఉంది. తేరు తిరగాలి కాబట్టి ఉత్తర, చిత్తిర వీధులను విశాలంగా వేశారు. పెద్దలు ఫైర్ ఇంజిను కోసం వేయలేదు గానీ తేరు పట్టిన వీధిలో ఫైర్ ఇంజిను పడుతుంది. చెడ్డ ఏమంటే, ఒక చుట్టునుంచి లోపలి చుట్టుకు పోవాలంటే గోపురం వాకిలే దారి. పక్కనుంచి పోదామంటే గోడ. శత్రువును ఆపడానికి కట్టిన గోడ సాయానికి వచ్చేవాడినీ ఆపుతుంది. 1752లో ఫ్రెంచివాళ్ళకు ఇదే అయింది. చందాసాహెబుతో కలిసి తిరుచ్చి ముట్టడికి వచ్చినవాళ్ళు, భద్రంగా ఉంటుందని ఈ లంకలోకి తప్పుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు దారులు మూసేసరికి బయటపడలేక జూన్‌లో లొంగిపోయారు.

ఇక 2004 జనవరి 23. శ్రీరంగంలో ఒక కల్యాణ మండపంలో పొద్దున ముహూర్తం. మేడమీద ఆకు పందిరి. వీడియో తీసేవాళ్ళ లైటు వైరునుంచి అగ్గి పుట్టి ఆకుకు అంటుకుందని చెప్పారు. దిగడానికి ఉన్నది సన్నని మెట్లదారి. యాభైమందికి పైగా పోయారు, పెళ్ళికొడుకుతో సహా. ఆ సంవత్సరమే జూలై 16న కుంభకోణం బడిలో వంటగది మంట ఆకు కప్పుకు అంటి 94 మంది పిల్లలు పోయారు. కుంభకోణం తరవాత బడుల మీద ఆకు కప్పులు తీయించారు. ఇళ్ళ మీదా పందిళ్ళ మీదా అంత పట్టుగా ఎవరూ అడగలేదు.

శ్రీరంగం సంగతి మళ్ళీ ఒకసారి చూడండి. ఆ రోజు వంతెన తెగలేదు, వరద లేదు. ఆ జనానికి దారి మూసింది నది కాదు, మెట్లు. ఎండిన ఆకుకు నిప్పంటితే కప్పు మొత్తం పాకడానికి కొద్ది నిమిషాలు చాలు. మనదేశంలో పట్టణాలకు పెట్టుకున్న లెక్క, ఫోను వచ్చిన 5 నుంచి 7 నిమిషాల్లో బండి చేరాలని. లెక్క ప్రకారం వచ్చినా పందిరికి ఆలస్యమే. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నాం. అంతా సరిగ్గా నడిచినప్పుడు ఏమవుతుందని మేము చూడం, ఉన్న ఒక్క దారీ పోతే ఏమవుతుందని చూస్తాం. పెళ్ళి మండపాన్ని అట్లా ఎవరు చూస్తారు? వంటవాళ్ళనూ మేళంవాళ్ళనూ చూసుకోవడానికే టైము చాలదు.

ఇంకో చిన్న లెక్క. మామూలు ఫైర్ ఇంజినులో పట్టేది సుమారు 4,500 లీటర్లు. నిమిషానికి 2,250 లీటర్లు తోడే పంపును పూర్తి జోరుమీద నడిపితే రెండు నిమిషాల్లో తొట్టి ఖాళీ. ఆ తరవాత నీళ్ళెక్కడివి? చుట్టూ కావేరి ఉంది కదా అంటారు. మెట్టూరు మామూలుగా జూన్ 12న తెరిచి జనవరి 28న మూస్తారు. ఎండాకాలం నదిలో చూడండి, ఇసుకే. ఇటలీలో వెనిస్ నగరమంతా లంకలే, అక్కడ అగ్గి ఆర్పేవాళ్ళు పడవల్లో వస్తారు. 1996 జనవరి 29 రాత్రి అక్కడి లా ఫెనిచె నాటకశాల కాలిపోయింది. పక్క కాలవను పూడిక తీయడానికని అప్పుడే ఎండగట్టి ఉన్నారు. నీళ్ళమీద కట్టిన ఊళ్ళో పడవ దగ్గరికి రాలేకపోయింది, హెలికాప్టరుతో నీళ్ళు పోయాల్సి వచ్చింది.

వంతెన సంగతీ చెప్పాలి. తిరుచ్చినుంచి శ్రీరంగానికి పోయే కావేరి వంతెన 1976 నాటిది. బాగుచేయడానికని 2022 సెప్టెంబరులో బండ్లను ఆపారు, తిరిగి పూర్తిగా తెరిచింది 2023 మార్చిలో. ఆ నెలలన్నీ జనం చుట్టుదారిన పోయారు. కొల్లిడం వైపు 1928 నాటి పాత వంతెనైతే 2018 వరదల్లో కొంత కూలింది. దానిమీద అప్పటికే బండ్లు నడవడం లేదు కాబట్టి సరిపోయింది. అందుకే లంకలో ఉండే ఊరికి బండి, మనుషులు, నీళ్ళు లంకలోనే ఉండాలి. శ్రీరంగానికి తన ఫైర్ స్టేషను ఉంది, మంచిదే. అయినా స్టేషనునుంచి ఇంటి గడపదాకా ఉన్న ఆఖరి వంద అడుగులు ఆ ఇంటివాళ్ళ చేతుల్లోనే ఉంటాయి.

నది లేకపోయినా లంక అవుతుంది. హైదరాబాదులో చార్మినార్ పక్క గుల్జార్ హౌజ్ దగ్గర 2025 మే 18న ఒకే ఇంట్లో 17 మంది పోయారు. కింద దుకాణాలు, పైన కాపురాలు, రాకపోకలకు ఒక సన్నని దారి. నగరం నడిబొడ్డున ఉన్న ఇల్లే, కానీ లోపలివాళ్ళకు అది లంకే.

మా సోగత్తూరు సంగతి కూడా అంతే. ధర్మపురి దగ్గరే, ఫైర్ ఇంజిను వస్తుంది. మా సందు మొగదాకా వస్తుంది. ఎద్దులబండి కోసం వదిలిన సందులోకి అరుగులు జరిగాయి, మెట్లు జరిగాయి, ఇప్పుడు రెండు పక్కలా మోటారుసైకిళ్ళు. కొట్టాలున్న రోజుల్లో ఒక కప్పుకు అంటుకుంటే పక్క కప్పును కొక్కేలతో లాగి పడేసేవాళ్ళు, తడి గోనెలు పరిచేవాళ్ళు అని మా అవ్వ చెబుతుంది. తమ ఇంటి కప్పు తామే లాగించుకున్నవాళ్ళకు ఊరంతా మళ్ళీ ఆకు మోసి కప్పేదట. ఇప్పుడు కొట్టాలు లేవు, అన్నీ డాబాలు. కొక్కేలూ లేవు, ఆ పని తెలిసినవాళ్ళూ లేరు. కానీ పెళ్ళి వచ్చినప్పుడల్లా డాబామీద ఆకు పందిరి మాత్రం లేస్తుంది.

వచ్చే మాఘంలో మా ఇంట్లో పెళ్ళి ఉంది. పందిరి మీద వాదన అయింది. "పచ్చాకు లేకుంటే అది పందిరా, షెడ్డా?" అని అవ్వ. ఆమె మాట కాదనలేదు. పచ్చాకు ఉంటుంది, ముందురోజు కోసిందే, నేలమీద వాకిట్లోనే, డాబామీద కాదు. వంట వెనక దొడ్లో. లైటు వైర్లు వెదురుకు చుట్టకుండా వేరే గుంజలమీద. వాకిలివైపు ఒక దారి, దొడ్డివైపు ఒక దారి, రెంటికీ అడ్డంగా కుర్చీలు వేయకూడదు. ఆ రెండు రోజులూ సందులోని మోటారుసైకిళ్ళు చెరువుగట్టున పెట్టాలని పక్కిళ్ళవాళ్ళను అడిగాం. ముగ్గురు సరే అన్నారు. నాలుగో ఇంటికి చిన్నాయన మళ్ళీ పోయి మాట్లాడతానన్నాడు.