రూపం మార్చే రోబోలు: డిజిటల్ చిత్రణ, యానిమేషన్ పద్ధతులు

వాహనంగానో, విమానంగానో, జంతువుగానో ఉన్న యంత్రం చూస్తుండగానే మనిషి ఆకారం దాల్చి, పని పూర్తయ్యాక మళ్లీ పాత రూపానికి వచ్చేస్తే దాన్ని రూపం మార్చే రోబో అంటారు. బొమ్మల పరిశ్రమ, కామిక్స్, టెలివిజన్, సినిమా, వీడియో గేమ్‌లు అన్నింటిలోనూ ఈ కల్పిత యంత్రాలకు స్థిరమైన చోటు ఉంది. రెండు రూపాలనూ విడివిడిగా అందంగా గీయడం అంత కష్టం కాదు. మొదటి రూపంలో కనిపించిన భాగమే రెండో రూపంలో చెయ్యి అయిందని, కాలు అయిందని చూసేవారిని నమ్మించడమే అసలు కష్టం. కాగితం మీది తొలి గీత నుంచి చివరి రెండరింగ్ (కంప్యూటర్ తుది చిత్రాన్ని తయారుచేయడం) దాకా ఈ రంగంలోని పద్ధతులన్నీ ఆ నమ్మకం కోసమే ఏర్పడ్డాయి.

చరిత్ర

గో నాగై, కెన్ ఇషికావా సృష్టించిన జపాన్ ధారావాహిక 'గెట్టర్ రోబో' 1974లో వచ్చింది. మూడు విమానాలు ఏ వరుసలో కలిస్తే ఆ వరుసకు తగిన రోబో తయారవుతుంది. ఆకాశానికి ఒకటి, నేలకు ఒకటి, నీటికి ఒకటి. అందులో లోహం సాగుతుంది, లేని చేతులు పుట్టుకొస్తాయి. తెర మీద చూడముచ్చటగా ఉన్న ఆ మార్పును చేతిలో పట్టుకునే బొమ్మగా అచ్చంగా తయారుచేయడం సాధ్యం కాలేదు.

1982 నాటి 'సూపర్ డైమెన్షన్ ఫోర్ట్రెస్ మాక్రాస్' ఈ పరిస్థితిని మార్చింది. షోజీ కవమోరి రూపొందించిన వీఎఫ్-1 వాల్కిరీ యుద్ధవిమానంలో ప్రతి కదలికకూ యాంత్రికమైన ఆధారం ఉంది. కవమోరి తన ఆలోచనలను లెగో దిమ్మెలతో కట్టి సరిచూసుకునే డిజైనర్‌గా పేరుపొందారు. అదే కాలంలో తకారా సంస్థ డయాక్లోన్, మైక్రోమ్యాన్ వరుసల బొమ్మలు తయారుచేసింది. వాటిని అమెరికా సంస్థ హాస్‌బ్రో తీసుకుని 1984లో 'ట్రాన్స్‌ఫార్మర్స్' పేరుతో అమ్మకానికి పెట్టింది. వాటి ఆధారంగా వచ్చిన టెలివిజన్ ధారావాహికకు జపాన్‌లోని తోయీ, కొరియాలోని ఏకామ్ స్టూడియోలు చేతితో బొమ్మలు గీశాయి.

1996లో కెనడాకు చెందిన మెయిన్‌ఫ్రేమ్ సంస్థ 'బీస్ట్ వార్స్'ను పూర్తిగా కంప్యూటర్ యానిమేషన్‌లో తీసింది. 2007లో మైకేల్ బే దర్శకత్వంలో వచ్చిన 'ట్రాన్స్‌ఫార్మర్స్' సినిమాకు ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ చేసిన పనితో ఈ కళ నిజమైన వీధుల్లోకి, నిజమైన ఎండలోకి వచ్చింది. శంకర్ దర్శకత్వంలో 2010లో వచ్చి తెలుగులో 'రోబో'గా విడుదలైన 'ఎంథిరన్' పతాక సన్నివేశాలది మరో దారి. అక్కడ ఒక యంత్రంలోని భాగాలు మడతపడవు. వందలాది రోబోలు ఒకదాన్నొకటి పట్టుకుని బంతిగా, పాముగా, మహాకాయుడిగా పేరుకుంటాయి.

రూపకల్పన

డిజైనర్ ముందు రెండు చివరి రూపాలను తేల్చుకుంటాడు. పక్క నుంచి, ముందు నుంచి, పై నుంచి వాటి బయటిగీతలు గీస్తాడు. తర్వాత వాహనాన్ని పది, పన్నెండు పెద్ద దిమ్మెలుగా విడగొట్టి, ఒక్కో దిమ్మెకు ఒక్కో రంగు వేసి, రోబోలో అదే రంగు ఎక్కడికి చేరాలో చూస్తాడు. ఏ రంగూ రెండు చోట్ల కనిపించకూడదు, ఏదీ మాయం కాకూడదు. ఈ రంగుల పటం కుదిరాకే చిన్న వివరాల జోలికి వెళ్లాలి.

వీఎఫ్-1 ఇందుకు మంచి పాఠం. విమానం వెనుక ఉన్న రెండు ఇంజిన్ గొట్టాలే రోబోకు కాళ్లు. మంట వెలువడే నాజిల్ పాదమవుతుంది. ఆ గొట్టాల మధ్య దాగి ఉన్న చేతులు బయటికి వస్తాయి. రెక్కలు వీపు వైపు మడుచుకుంటాయి. విమానం పొట్ట కింద లేజర్ తుపాకీతో వేలాడుతున్నది రోబో తలే. విమానానికీ రోబోకూ నడుమ గెర్వాక్ అనే మూడో రూపం ఉంటుంది. ఇందులో ముక్కు, రెక్కలు విమానంలాగే ఉండి, కాళ్లూ చేతులూ మాత్రం బయటికి వస్తాయి. మార్పు మధ్యలో ఆగినా యంత్రం పనికొచ్చేలా ఉండటం వల్ల చూసేవారికి ఆ దారి అంతా అర్థమవుతుంది.

ప్రతి రోబోకూ కొన్ని గుర్తు భాగాలు ఉండాలి. 'ట్రాన్స్‌ఫార్మర్స్'లోని ఆప్టిమస్ ప్రైమ్ లారీ ముందు అద్దాలు రోబో ఛాతీ మీద కనిపిస్తాయి. ఎర్రటి క్యాబిన్, నీలి కాళ్లు రెండు రూపాలనూ కలిపి పట్టుకుంటాయి. కంటికి ఇలాంటి నాలుగైదు ఆనవాళ్లు దొరికితే మిగతా వందల ముక్కలు ఎటు పోయాయని ఎవరూ వెతకరు.

డిజిటల్ చిత్రణ

టాబ్లెట్ మీద స్టైలస్‌తో గీసేవారు క్రిటా, క్లిప్ స్టూడియో పెయింట్, ఫొటోషాప్, ప్రోక్రియేట్ వంటి సాఫ్ట్‌వేర్‌లు వాడతారు. యంత్రాలకు పర్‌స్పెక్టివ్ తప్పితే వెంటనే తెలిసిపోతుంది కాబట్టి మొదటి లేయర్‌లో అదృశ్యబిందువులతో గీతల వల వేసుకుంటారు. దాని మీద పెట్టెలు, స్తంభాలు, శంకువులతో ముడి ఆకారం కడతారు. చక్రాలను గీసేటప్పుడు దీర్ఘవృత్తపు పొట్టి అక్షం ఇరుసు దిక్కునే ఉండాలి. ఈ ఒక్క నియమం తప్పినా బండి వంకరపోయినట్టు కనిపిస్తుంది.

తర్వాతి లేయర్లలో కీళ్లు, తుది గీత, రంగు, నీడ వరుసగా వస్తాయి. బయటి అంచులకు లావు గీత, లోపలి పలకల అతుకులకు సన్న గీత వాడితే రద్దీలోనూ ఆకారం తేలుతుంది. వివరాలను ఒంటి నిండా సమానంగా చల్లకూడదు. కీళ్ల దగ్గర, ముఖం దగ్గర చిక్కగా, పెద్ద పలకల మీద పలుచగా ఉంచితే కంటికి ఊపిరాడుతుంది. మారుతున్న క్షణాన్ని ఒకే నిశ్చలచిత్రంలో చూపాలంటే సగం విప్పుకున్న భంగిమను ఎంచుకోవాలి. ఆనవాళ్లు పాత చోటు వదిలి కొత్త చోటుకు చేరే దారిలో ఉండాలి.

రెండు కొలతల యానిమేషన్

సినిమాకు సెకనుకు 24 ఫ్రేమ్‌లు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేమ్‌ల పాటు నిలిపితే ఐదు సెకన్ల మార్పుకు 60 బొమ్మలు కావాలి. మొదట కీలక భంగిమలు గీసి, ఉల్లిపొర పద్ధతిలో ముందు వెనుకల బొమ్మలను లేతగా చూసుకుంటూ నడిమి బొమ్మలు నింపుతారు. ఓపెన్‌టూన్జ్, టూన్‌బూమ్ హార్మొనీ, బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్ ఇందుకు పనికొస్తాయి.

ఘనాకారాలను ప్రతి కోణంలోనూ కొలత తప్పకుండా చేతితో తిప్పడం చాలా శ్రమ. అందుకే జపాన్ స్టూడియోలు ఒకసారి శ్రద్ధగా గీసిన మార్పు సన్నివేశాన్ని దాచుకుని పలు భాగాల్లో మళ్లీ వాడుకునేవి. దీన్ని అక్కడ బ్యాంక్ అంటారు. నేడు చాలామంది త్రీడీలో ముతక నమూనా కదిలించి, దాని మీద చేతితో గీతలు గీస్తారు. త్రీడీ నమూనాకే గీతల రూపం ఇచ్చే సెల్ షేడింగ్ మరో పద్ధతి. 2002లో మొదలైన 'మాక్రాస్ జీరో'లో విమానాలను కంప్యూటర్‌లో చేసి, చేతితో గీసిన పాత్రల పక్కన నిలిపారు.

మూడు కొలతల యానిమేషన్

త్రీడీలో ముక్కలన్నీ ముందే విడివిడిగా తయారుకావాలి. ప్రతి ముక్కకూ తిరిగే బిందువు, అంటే పివట్, సరిగ్గా కీలు ఉన్న చోటే పెట్టాలి. కారు తలుపు పివట్ తలుపు మధ్యలో ఉంటే అది తెరుచుకోదు, గాలిలో గింగిరాలు తిరుగుతుంది. తర్వాత వంశక్రమం వస్తుంది. భుజం కదిలితే మోచెయ్యి, మోచెయ్యి కదిలితే మణికట్టు వెంట రావాలి. చిక్కు ఏమిటంటే కారులో బానెట్‌కు కట్టుబడిన ముక్క రోబోలో భుజానికి కట్టుబడాలి. అందుకోసం ఒక కన్‌స్ట్రెయింట్ (ఒక ముక్కను మరొకదాని కదలికకు కట్టే బంధం) ప్రభావాన్ని ఒక ఫ్రేమ్‌లో సున్నా చేసి, మరొక కన్‌స్ట్రెయింట్‌ను అదే ఫ్రేమ్‌లో పూర్తిగా తెరుస్తారు. ఆ క్షణంలో ముక్క ఎగిరిపడకుండా దాని స్థానాన్ని కీఫ్రేమ్‌తో పట్టి ఉంచాలి.

మార్పు మొత్తాన్ని ఒకే నియంత్రణకు అప్పగించే రిగ్ (నమూనాను కదిలించే నియంత్రణల చట్రం) కూడా కట్టవచ్చు. బ్లెండర్‌లో యాక్షన్ కన్‌స్ట్రెయింట్ ద్వారా ఒక ఎముకను జరిపితే కారు రోబో అవుతుంది, వెనక్కి జరిపితే రోబో కారవుతుంది. ఇది గేమ్‌లకు అనుకూలం. సినిమాల్లో కెమెరా కోణం ఎక్కడుంటే అక్కడికి తగ్గట్టు ప్రతి షాట్‌కూ మార్పును కొత్తగా కూరుస్తారు. 2007 సినిమాలో యానిమేటర్లు తమకు కావాల్సిన ముక్కలను అప్పటికప్పుడు గుంపుగా పట్టుకుని కొత్త పివట్ ఇచ్చుకునే రిగ్‌ను వాడారు. ఆప్టిమస్ ప్రైమ్ నమూనాలోనే 10,108 భాగాలున్నాయి. కదలిక ఉన్న ఒక ఫ్రేమ్ రెండర్ కావడానికి 38 గంటల దాకా పట్టేది.

పరిమాణం, కనికట్టు

1984 'ట్రాన్స్‌ఫార్మర్స్' ధారావాహికలో మెగాట్రాన్ అనే రోబో మనిషి చేతిలో ఇమిడే తుపాకీగా కుంచించుకుపోయేవాడు. ఆప్టిమస్ వెనుక ట్రైలర్ రోబోగా మారగానే తెర నుంచి మాయమయ్యేది. చేతి గీతల్లో చెల్లిన ఆ స్వేచ్ఛ నిజమైన దృశ్యాల నడుమ చెల్లదు. అందుకే 2007లో ఆప్టిమస్‌కు పొడుగు ముక్కున్న పీటర్‌బిల్ట్ 379 లారీని ఎంచుకున్నారు. పెద్ద లారీ అయితే అంత పెద్ద రోబోకు సరిపడా లోహం దొరుకుతుంది.

అయినా కనికట్టు లేకుండా పని జరగదు. ముక్కలను కొద్దిగా చిన్నవి చేయడం, ఒకదాని వెనుక మరొకటి దాటేటప్పుడు కనబడకుండా చేయడం, ఒకదానిలోంచి మరొకటి దూరిపోనివ్వడం అన్ని స్టూడియోల్లోనూ ఉన్నదే. ఈ పనులన్నీ కెమెరాకు అటువైపునో, వేగవంతమైన కదలిక మసకలోనో జరగాలి. ఆనవాళ్ల జోలికి మాత్రం వెళ్లకూడదు.

బరువు, వేగం, వెలుగు

అన్ని ముక్కలూ ఒకేసారి కదిలితే గందరగోళమే మిగులుతుంది. నడుము, కాళ్ల వంటి పెద్ద భాగాలు ముందు, చేతులు తర్వాత, చిన్న పలకలు చివరగా కదలాలి. తల అన్నింటికంటే ఆలస్యంగా బయటపడితే పాత్ర మేల్కొన్నట్టు ఉంటుంది. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో వివరించిన పన్నెండు యానిమేషన్ సూత్రాల్లో సాగడం, నొక్కుకోవడం ఇనుముకు నేరుగా పొసగవు. వాటి బదులు షాక్ అబ్జార్బర్లు అణగడం, పలక తన చోటికి చేరి ఒకటి రెండు ఫ్రేమ్‌లు అదరడం, పాదం పడగానే నేల దుమ్ము లేవడం బరువును చెబుతాయి. పెద్ద యంత్రం మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది. ముక్కలు పలు అక్షాల్లో తిరిగేటప్పుడు ఆయిలర్ కోణాలు (మూడు అక్షాల చుట్టూ తిరుగుడును విడివిడిగా లెక్కించే పద్ధతి) చిక్కుపడితే, తిరుగుడును నాలుగు సంఖ్యలతో చెప్పే క్వాటర్నియన్ పద్ధతికి మారాలి.

రంగు పూసిన లోహం, గీతలు పడిన అంచు, నూనె మరక, రబ్బరు టైరు ఒక్కొక్కటీ వెలుగును ఒక్కో తీరున వెనక్కి పంపుతాయి. చుట్టూ ఉన్న ఆకాశం, భవనాలు లోహంలో ప్రతిబింబిస్తేనే రోబో ఆ వీధిలో నిలబడినట్టుంటుంది.

అభ్యాసం

నేర్చుకునేవారు వందల ముక్కల నమూనాతో మొదలుపెట్టనక్కర్లేదు. క్రిటా, ఓపెన్‌టూన్జ్, బ్లెండర్ మూడూ ఉచితంగా దొరుకుతాయి. ఆరేడు దిమ్మెలతో ఒక ఆటోను రోబోగా మార్చడం మంచి తొలి పని. అట్టముక్కలతో ముందు చేసి చూసుకుంటే కీళ్ల సంగతి చేతికి తెలుస్తుంది. 2018లో వచ్చిన 'బంబుల్‌బీ' 1984 నాటి బొమ్మలకు దగ్గరగా, పెద్ద పలకలతో తన రోబోలను తీర్చిదిద్దింది. ముక్కలు ఎన్ని పెరిగినా, వాటిలో ఏది ఎక్కడికి చేరిందో కంటికి తెలిసినప్పుడే రూపం మారినట్టు లెక్క.